పెట్రోలును లాగుటయా, త్రోయుటయా?

నిలుచున్న చోటినుండి ఒక్కపెట్టున పావుమైలు దూరము దుముకుటకై సిద్ధము చేయబడిన అమెరికా దేశపు డ్రాగ్ పందెపు కారునందు ఇంజను ముందుభాగమునను, పెట్రోలు ట్యాంకు వెనుకభాగమునను ఉండుటచేత, ఈ రెంటిని కలుపు గొట్టము ఇంచుమించు మూడు మీటర్ల పొడవున కారు అడుగున సాగియుండును. పచ్చదీపము వెలిగినంతనే కారు ముందునకు ఉరుకును. నడుపువాని వీపు సీటునకు అదుముకొనిపోవును. గొట్టములోని పెట్రోలు సైతము అదే న్యాయము ననుసరించి వెనుకకు, ట్యాంకు వైపునకే, మరలజూచును. ఆ యురుకుటలోని వేగవృద్ధి భూమ్యాకర్షణముతో సమానమైనచో (మంచి టైర్లు గల పందెపు కారునకు ఇది దుస్సాధ్యము కాదు), ఆ మూడు మీటర్ల ద్రవస్తంభము వెనుకకు నెట్టు ఒత్తిడి చదరపు అంగుళమునకు మూడు పౌండ్లకు కొంచెము పైబడును. ఇంజను ప్రక్కన బిగించిన సాధారణపు యాంత్రికమైన పంపు కార్బురేటరునకు అందించు ఒత్తిడి అంతయు ఐదారు పౌండ్లు మాత్రమే యని ఎరిగినవారికి, పందెము మొదలైన తొలి క్షణమునందే ఎంతటి పెనుగులాట ఆ గొట్టములో జరుగుచున్నదో వేరుగా చెప్పవలసిన పనిలేదు.

ఇంజను శక్తితో తిరుగు మెకానికల్ పంపు మేలా, బ్యాటరీ శక్తితో తిరుగు ఎలక్ట్రిక్ పంపు మేలా అను వివాదము వేగప్రియుల నడుమ తరతరములుగా నడుచుచునే యున్నది. దీనిని పాతకును క్రొత్తకును నడుమ గల తగవుగా తలంచి, క్రొత్తది కావున విద్యుత్తుదే గెలుపని తీర్పు చెప్పువారు కొందరు. ఏబది యేండ్ల క్రిందట మా తండ్రులు దీనితోనే పందెములు గెలిచిరి గదా యని మీసము దువ్వువారు మరికొందరు. నా తలంపున ఉభయులును రెండవ ప్రశ్నను మొదట వేసికొనుచున్నారు. పంపునకు చలనము నిచ్చునది ఏది యని అడుగుటకు ముందు, పంపు ఎచట నున్నది, అది పెట్రోలును దూరమునుండి తనకడకు లాగుకొనుచున్నదా, లేక తనకడనుండి దూరమునకు త్రోయుచున్నదా యని అడుగవలసి యున్నది.

అసలు పంపే లేని కాలము కూడ ఒకటి కలదు. 1908లో వెలువడి 1927 వఱకు తయారైన ఫోర్డు మోడల్ టి కారునకు చాలకాలము పెట్రోలు ట్యాంకు ముందుసీటు క్రిందనే యుండెడిది. అచటినుండి పెట్రోలు తన బరువుచేతనే కార్బురేటరులోనికి జారెడిది. సమతలమున ఈ యేర్పాటునకు వంక పెట్టుటకు లేదు. కాని ట్యాంకు సగము ఖాళీయై, నిట్రమైన కొండదారి ఎదురైనచో ఇంజను పైకి లేచి ట్యాంకునకు సరియెత్తునకు వచ్చుటచేత ధార ఆగిపోయెడిది. అట్టి వేళల నేర్పరులైన యజమానులు కారును వెనుదిప్పి, రివర్సు గేరులో, కొండకు వీపు చూపుచు శిఖరమునకు చేరుకొనెడివారు. తరువాత ఇంజను పీల్పుచేతనే పెట్రోలును ఒక చిన్న తొట్టిలోనికి ఎక్కించుకొని అచటినుండి జారవిడుచు వ్యాక్యూం ట్యాంకులు వచ్చినవి. నిండుగా యాక్సిలరేటరు త్రొక్కి చాలసేపు ఎక్కుడు ఎక్కునపుడు ఇంజనులో పీల్పు తగ్గిపోవుటచేత, అవియు సరిగా అవసరము పడినచోటనే చేయిచ్చెడివి. 1920వ దశకము చివరినాటికి క్యామ్‌షాఫ్టుచే నడుపబడు డయాఫ్రం పంపు అమెరికాలో స్థిరపడగా, ఇంచుమించుగా అదే కాలమున ఇంగ్లండులో ఎస్.యు. సంస్థవారి ఎలక్ట్రిక్ పంపు ప్రచారములోనికి వచ్చెను. కావున ఈ రెండును ఒక యీడువే. ఒకటి తాతయు మరియొకటి మనుమడును గావు.

మెకానికల్ పంపు నిర్మాణమును విప్పి చూచినవారికి దానిపై గౌరవము కలుగక మానదు. క్యామ్‌షాఫ్టుపై నడిమికి తప్పి అమర్చిన ఒక గుండ్రని దిమ్మె యుండును; అది తిరిగినకొలదియు పంపు చేతిని పైకి క్రిందికి ఆడించును; ఆ చేయి రబ్బరు డయాఫ్రమును క్రిందికి గుంజును; అంతట పైగదిలో చోటు ఏర్పడి, లోనికి తెరచుకొను కవాటము గుండ పెట్రోలు వచ్చి చేరును. ఇంతవఱకే ఇంజను చేయు పని. పెట్రోలును కార్బురేటరు వైపునకు నెట్టునది ఇంజను గాదు, డయాఫ్రము క్రింద నున్న స్ప్రింగు. కార్బురేటరు తొట్టి నిండి, తేలుబంతి లేచి, సూది మూసికొన్నంతనే స్ప్రింగు ముందునకు జరుగలేక ఆగును. డయాఫ్రము క్రిందనే నిలిచిపోవును. చేయి మాత్రము ఊరక ఆడుచుండును. తొట్టిలో చుక్క తగ్గిన మరుక్షణముననే స్ప్రింగు మరల కదలును. వేరొక రెగ్యులేటరు లేదు, తిరుగుగొట్టము అక్కరలేదు, తీగ లేదు, ఫ్యూజు లేదు. ఇంజను ఆగినచో పంపు ఆగును, ఇంజను తిరిగినచో పంపు తిరుగును. ఎంత కావలయునో అంతియే ఇచ్చి తక్కినది ఇవ్వకుండుట అను వివేకమును ఒక స్ప్రింగునకు నేర్పిన ఆ యజ్ఞాత శిల్పి బుద్ధికి నమస్కరింపవలసినదే.

1955లో 265 ఘనపు అంగుళములతో పుట్టి, 1967 నాటికి 350 అంగుళములకు పెరిగిన షెవర్లే చిన్నబ్లాకు వి-8 ఇంజనును ఎరుగని వేగప్రియుడు అమెరికాలో లేడు. దానియందు క్యామునకు పంపు చేతికి నడుమ చిన్న ఉక్కుకడ్డీ యొకటి యుండును. పంపును బిగింపబోవునపుడు ఈ కడ్డీ క్రిందికి జారిపోయి, చేయి దానిక్రిందికి దూరక, మెకానిక్కులను విసిగించుట జగద్విదితము. దానికి చిట్కాలును అంతే ప్రసిద్ధములు: కడ్డీకి దట్టముగా గ్రీజు పూసి పైకి అంటించుట యొకటి, ఇంజను ముందుముఖమున గల బోల్టు రంధ్రములోనుండి కొంచెము పొడవైన బోల్టును దూర్చి కడ్డీని మెల్లగా ఒత్తిపట్టి, పంపు బిగించిన పిమ్మట మరువక ఆ బోల్టును తీసివేయుట మరియొకటి. మూడు నాలుగు వందల అశ్వశక్తుల లోపు గల ఇంజనునకు ఈ పంపులలో పెద్దరకము చక్కగా సరిపోవును. ఇంకను ఎక్కువ చుట్లు తిరుగు పందెపు ఇంజనులయందు మాత్రము చేయి క్యాము వేగమును అందుకొనలేక ఎగిరెగిరి పడుటయు, స్ప్రింగులు అలసిపోవుటయు సంభవించును.

దాని అసలు బలహీనత యది గాదు. కొబ్బరిబొండములో పుల్లగొట్టము పెట్టి నీరు త్రాగువాడు తాను నీటిని లాగుచున్నానని భ్రమించును గాని, వాస్తవమునకు అతడు నోటిలోని గాలిని తగ్గించుటయే చేయుచున్నాడు. నీటిని పైకి నెట్టునది బొండమును క్రమ్మియున్న వాతావరణము. పంపు విషయమునను ఇంతియే. ఇంజను ప్రక్కన కూర్చున్న పంపు మూడు మీటర్ల దూరముననున్న ట్యాంకునుండి పెట్రోలును రప్పించుకొనవలెనన్న, గొట్టములోని ఒత్తిడిని వాతావరణపు ఒత్తిడి కంటె తగ్గింపవలయును. నీటికి ఇది బాధకము గాదు. పెట్రోలు ఆవిరియగుటకు త్వరపడు ద్రవము. మన దేశపు పెట్రోలునకు సుమారు 38 సెంటిగ్రేడు డిగ్రీల వద్ద ఆవిరి ఒత్తిడి 60 కిలోపాస్కలుల దరిదాపున నుండును. వాతావరణపు ఒత్తిడి నూటికి కొంచెము పైన. ఈ రెంటికి నడుమ గల వ్యత్యాసమే పంపు పీల్చుకొనుటకు మిగిలిన మూలధనము. ఇంజను వేడిమికి ఇంకొక పదునైదు ఇరువది డిగ్రీలు పెరిగినచో ఆ మూలధనము దాదాపుగా హరించుకొనిపోవును; దానిపై పందెపు కారు ఉరుకు ఇరువది రెండు కిలోపాస్కలులను తనవంతుగా కాజేయును. అంతట గొట్టములోనే పెట్రోలు మరుగును, బుడగలు పుట్టును, పంపు ఆవిరిని పీల్చి ఆవిరినే నెట్టును. దీనినే వేపర్ లాక్ అందురు.

ఈ యాపద మన తెలుగునాట డ్రైవర్లకు క్రొత్తది గాదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని కార్లు రోడ్లను ఏలిన దినములలో, రోహిణీకార్తె మధ్యాహ్నమున బండి ఆగిపోయినచో, డ్రైవరు బానెట్టు ఎత్తి, పెట్రోలు పంపుపై తడిగుడ్డ చుట్టి, చెట్టునీడన కొంతసేపు కూర్చుండుట చూచినవారు ఇప్పటికిని కలరు. ఎండలో నిలిచిపోయిన టాక్సీవాని ఆ తడిగుడ్డ వెనుకనున్న భౌతికశాస్త్రమునే 1960వ దశకపు అమెరికా డ్రాగ్ పందెగాండ్రు మరియొక రూపమున ఉపయోగించుకొనిరి: పెట్రోలు గొట్టమును చుట్టలుగా చుట్టి, ఒక డబ్బాలో పెట్టి, దాని నిండ మంచు నింపి, ఇంజనునకు చల్లని పెట్రోలు నందించెడివారు.

ఇటీవల దీనికి ఇంకొక చిక్కు తోడైనది. నూటికి ఇరువది పాళ్లు ఎథనాలు గలిపిన పెట్రోలు 2023లో మన దేశమున విక్రయమునకు వచ్చినది మొదలు, పాతకార్ల యజమానులు రబ్బరు సామగ్రిని గూర్చి ఆలోచింపక తప్పుటలేదు. పూర్వకాలపు రబ్బరుతో చేసిన డయాఫ్రము మద్యసారపు సాంగత్యమున ఉబ్బి, మెత్తబడి, తుదకు చిరుగవచ్చును. చిరిగిన డయాఫ్రము గుండ పెట్రోలు ఇంజను ఆయిలులో దిగి దానిని పలుచన చేయును. పలుచనైన ఆయిలు బేరింగులను కాపాడలేదు. ఏ పంపునైనను ఉంచుకొనదలచినవారు ఎథనాలును ఓర్చుకొను రబ్బరు కిట్టును, గొట్టములను వేయించుకొనుట మొదటి పని.

ఇక విద్యుత్తు పంపు మాట. ఎస్.యు. పంపులో ఒక విద్యుదయస్కాంతము డయాఫ్రమును గుంజును. గుంజగానే కాంటాక్టు పాయింట్లు విడిపోవును. స్ప్రింగు డయాఫ్రమును నెట్టును. పాయింట్లు మరల కలియును. తాళము త్రిప్పగానే టకటకయని కొట్టుకొని, తొట్టి నిండినంతనే నెమ్మదించు ఆ ధ్వని ఎం.జి., జాగ్వారు కార్ల యజమానులకు చిరపరిచితము. పాయింట్లు కాలి పంపు మొండికేసినపుడు దిగి దానిని ఒక దెబ్బ కొట్టి నడిపించుకొనుటయు అంతే పరిచితము. సంప్రదాయము దానిది విద్యుత్తుదే యైనను, స్వభావము చూడగా అది మెకానికల్ పంపునకు సోదరియే: ఒత్తిడి స్వల్పము, ఆగుట స్వయముగా తెలిసినది.

ఇంధనమును కార్బురేటరులో పీల్పునకు వదలక, ఇంజెక్టరుల ద్వారా చిమ్మించు విధానము వచ్చుటతో కథ మారినది. 1967లో బాష్ సంస్థవారు డి-జెట్రానిక్ అను ఎలక్ట్రానిక్ ఇంజెక్షనును వోక్స్‌వేగన్ 1600 కారునందు ప్రవేశపెట్టిరి. ఇంజెక్టరునకు ఐదారు పౌండ్ల ఒత్తిడి చాలదు; నేడు సామాన్యమైన ఇంజెక్షనునకు మూడు బార్లు, అనగా చదరపు అంగుళమునకు 43 పౌండ్లకు పైన, ఆవశ్యకము. డయాఫ్రము స్ప్రింగు దీనిని మోయజాలదు. అందుచే నిరంతరము తిరుగు చిన్న మోటారు గల పంపు వచ్చెను. క్రమముగా అది ట్యాంకులోనికే దిగి, పెట్రోలులో మునిగి, దానిచేతనే చల్లబడుచు, దానిచేతనే తన మూలుగును అణచుకొనుచు పనిచేయసాగెను. ట్యాంకు అడుగున నున్న పంపునకు లాగవలసినది లేదు. దాని నోటిలోనికి పెట్రోలు తనంత వచ్చి పడును. అది చేయవలసినదెల్ల త్రోయుటయే. గొట్టమంతయు అధికమైన ఒత్తిడిలో నుండుటచేత అందలి పెట్రోలు సులభముగా మరుగదు. వేపర్ లాకునకు నిజమైన మందు ఇది. వెనుకనుండి త్రోయు పంపు కూడ ఉరుకునపుడు ఆ మూడు పౌండ్లను చెల్లింపక తప్పదు. కాని నలువది మూడింటిలో మూడు పోయిన లెక్కవేరు, ఆఱింటిలో మూడు పోయిన లెక్కవేరు. కార్బురేటరు కార్లకు సైతము పందెగాండ్రు హోలీ సంస్థవారి నీలిపంపు వంటి 14 పౌండ్ల పంపును వెనుక బిగించి, కార్బురేటరు చెంత రెగ్యులేటరుతో ఏడు పౌండ్లకు తగ్గించుకొనుట ఈ లెక్కచేతనే.

ఎంత పంపు కావలయును? గణితము చిన్నదే. మంచి పెట్రోలు ఇంజను ఒక్కొక్క అశ్వశక్తికి గంటకు సుమారు అర పౌండు ఇంధనమును పుచ్చుకొనును. టర్బో, సూపర్‌చార్జరు గలవి పౌండులో పదింట ఆఱువంతులు, అంతకు కొంచెము పైన. నాలుగు వందల అశ్వశక్తుల ఇంజను నిండుగా పనిచేయునపుడు గంటకు 200 పౌండ్లు, అనగా దాదాపు 122 లీటర్లు త్రాగును. ఆరు వందల అశ్వశక్తుల టర్బో ఇంజనునకు 220 లీటర్లు. ఇచట దుకాణదారుని అట్టపెట్టెపై అచ్చువేసిన సంఖ్యను నమ్మినవాడు మోసపోవును. ఆ సంఖ్య పెక్కుమారులు అడ్డములేని ప్రవాహమునకు చెందినది. ఒత్తిడి పెరిగినకొలదియు ప్రవాహము తగ్గును. టర్బో ఇంజనునకు మూడు బార్ల పునాదిపై టర్బో ఒత్తిడి కూడ వచ్చి చేరుటచేత పంపు నాలుగు బార్లకు ఎదురీదవలసి యుండును. దానికి తోడు, 13.5 వోల్టుల వద్ద కొలిచిన పంపునకు సన్ననైన తీగ, తుప్పుపట్టిన ఎర్తు కారణముగా 12 వోల్టులే అందినచో, చాల పంపులలో వోల్టునకు సుమారు పదవవంతు ప్రవాహము లోపించును. ఇంతటి ఖరీదైన పంపును కొని, డ్యాష్‌బోర్డు వెనుక నున్న పాత స్విచ్చితీగకు తగిలించువారిని చూచి నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. బ్యాటరీనుండి లావుపాటి తీగ, నడుమ ఫ్యూజు, రిలే, పంపు చెంతనే శుభ్రమైన ఎర్తు: ఇవి పంపులో భాగములే.

మెకానికల్ పంపును తీసివేసినచో ఇంజనునకు శక్తి మిగులునను ప్రచారము నొకదానిని ఇచట త్రోసిపుచ్చవలసి యున్నది. నాలుగు వందల అశ్వశక్తుల ఇంజనునకు కావలసిన పెట్రోలును ఏడు పౌండ్ల ఒత్తిడితో నెట్టుటకు వ్యయమగు శక్తి రెండు వాట్లు మించదు. ఘర్షణమును పదిరెట్లు కలిపికొన్నను ఆ మిగులుతో పందెము గెలిచినవాడు పుట్టలేదు.

భద్రత విషయమున మాత్రము మెకానికల్ పంపు పక్షమున చెప్పదగినది ఎంతయో కలదు. కారు బోల్తాపడి ఇంజను ఆగినచో అదియు ఆగును. ఎలక్ట్రిక్ పంపునకు ఆ స్పృహ లేదు. గొట్టము తెగినను, ఇంజను నిలిచినను, తాళము తెరచియున్నంతకాలము వేడి ఇనుముపై పెట్రోలును చిమ్ముచునే యుండును. అందుకనియే కర్మాగారపు కార్లలో ఇంజను తిరుగుచున్న సూచన లేనియెడల కంప్యూటరు పంపును ఆపివేయును. ఫోర్డువారు అయస్కాంతముచే పట్టియుంచబడిన ఉక్కుగుండు గల స్విచ్చిని అమర్చిరి. గట్టి తాకుడుకు గుండు ఎగిరి విద్యుత్తు తెగిపోవును. పాతకారునకు తానై పంపు బిగించుకొనువాడు ఆయిలు ఒత్తిడి స్విచ్చినైనను, ఇట్టి గుండుస్విచ్చినైనను పెట్టకున్నచో ఆ పని చేయకుండుటయే మేలు.

విద్యుత్తుదే సర్వత్ర జయమని ఇంతలో తీర్మానింపబోవువారు టాప్ ఫ్యూయల్ పందెములను ఒకమారు చూడవలయును. నైట్రోమీథేనును త్రాగి, వేయి అడుగులను నాలుగు సెకండ్ల లోపుననే దాటు ఆ భీకర వాహనముల పంపు ఇంజను శక్తితో తిరుగునదే. అది నిండువేగమున నిమిషమునకు సుమారు 100 గ్యాలనుల ఇంధనమును చదరపు అంగుళమునకు కొన్ని వందల పౌండ్ల ఒత్తిడితో పంపును. ఆ ఒత్తిడిని నాలుగు వందలుగా గణించినను, దీనికి ఇరువది అశ్వశక్తులకు మించిన మోటారు కావలయును. 12 వోల్టుల బ్యాటరీనుండి అది వేయి ఆంపియర్లకు పైన గుంజును. ఇంజను చుట్లు పెరిగినకొలదియు తనంత తానుగా ప్రవాహమును పెంచుకొను యాంత్రిక పంపును కాదని అంతటి బ్యాటరీని మోయు వెఱ్ఱివాడెవ్వడు? అచట ట్యాంకు ఇంజనునకు ముందుభాగమున నుండుటను గూడ గమనింపవలయును. కారు ఉరికినప్పుడు ఇంధనము వెనుకకు, అనగా పంపు నోటిలోనికే, పరుగిడును. పంపు శక్తి కంటె దాని స్థానమే ప్రధానమని నేను పలుకుట ఇందుచేత.

నేటి కొత్తకార్లలో రెండును కలిసియే కాపురము చేయుచున్నవి. సిలిండరులోనికే నేరుగా ఇంధనమును చిమ్ము ఇంజనులయందు ట్యాంకులోని విద్యుత్తు పంపు కొలది బార్ల ఒత్తిడితో ముందునకు పంపగా, క్యామ్‌షాఫ్టుపై నున్న చిన్న పిస్టను పంపు దానిని అందుకొని నూరు బార్లకు పైగా పెంచును. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగరపు ఒడ్డున రివ్వున సాగిన ఫార్ములా-ఇ కార్లకు ఈ రెంటిలో ఏదియు లేదనుట వేరొక సంగతి; ఆ పందెము చూచివచ్చిన కుఱ్ఱవాండ్రకు ఈ వ్యాసము పురాణకాలక్షేపముగా తోచినను తోచవచ్చును.

ఇక ఎన్నిక. కార్బురేటరుతో, మూడు మూడున్నర వందల అశ్వశక్తుల లోపల, ఆదివారము విహారమునకు పోవు కారునకు నేనైనచో మెకానికల్ పంపునే ఉంచుదును; మంచి గొట్టము వేయించి, దానిని ఎగ్జాస్టు పైపునకు దూరముగా నడిపించి, ఊరకుందును. ఇంజెక్షనైనను, టర్బోయైనను, షెవర్లేవారి ఎల్.ఎస్. వంటి ఇంజను వేసినను చర్చకే తావులేదు; 1997లో కార్వెట్టుతో వచ్చిన ఆ ఇంజనులో మెకానికల్ పంపునకు చోటే విడువలేదు. మన దేశమున వాహనము వివరములు రిజిస్ట్రేషను పత్రమునకు భిన్నమగునట్లు మార్పులు చేయరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను శాసించుచున్నది. ఇంజను మార్పు వంటి సాహసములు ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు పందెపు బాటలకే తగును. రెంటిని వరుసగా బిగించి, వెనుక ఎలక్ట్రిక్ పంపును ముందు మెకానికల్ పంపును కలిపి నడుపు మధ్యేమార్గమును మాత్రము నేను మెచ్చను. ఒకవేళ డయాఫ్రము చిరిగినచో, ఇంజను ఆగియున్నను వెనుక పంపు పెట్రోలును ఆయిలు సంపులోనికి ధారపోయుచునే యుండును.

ఏ పంపు వేసినను ప్రెషరు గేజి నొకదానిని బానెట్టుపై అద్దమునకు అవతలగా, నడుపువానికి కానవచ్చునట్లు బిగించుకొని, ఖాళీబాటపై ఒకసారి నిండుగా పరుగెత్తించి చూడవలయును. కార్బురేటరు తొట్టిలోని నిలువ కొంతసేపు ఇంజనును మభ్యపెట్టును గనుక, కొరత తొలుత ఏర్పడినను ఇంజను తడబడుట చివరకు గాని బయటపడదు. అప్పటికి మిశ్రమము పలుచబడి పిస్టనులు కాలనారంభించియుండును. ముల్లు మొదటి గేరులో పడి మరల లేచినచో దోషము ట్యాంకులోని గొట్టపు నోటిదో, పంపు స్థానముదో యగును. మొదట నిలకడగా నుండి చివరి గేరులో మెల్లమెల్లగా క్రుంగినచో ప్రవాహము చాలలేదన్నమాట. అప్పుడు మెకానికల్ పంపు గలవాడు ఫిల్టరును, గొట్టపు లావును పరీక్షింపవలయును, ఎలక్ట్రిక్ పంపు గలవాడు క్రొత్తపంపునకై డబ్బు తీయుటకు ముందు, ఇంజను నడుచుచుండగా పంపు కొనల యొద్దనే వోల్టులు కొలిపింపవలయును.